అడుగుకు మూడున్నర మిల్లీమీటర్లు

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఏదైనా టెక్నికల్ విషయం చెప్పు, అందరికీ అర్థం కావాలి, ఇరవై నిమిషాలు దాటకూడదు" అన్నారు. నేను చేసేది హైదరాబాదులో రేకుల ఫ్యాక్టరీ ఉద్యోగం. కరెంటు ప్యానెళ్ళకు తలుపులు, పెట్టెలు చేస్తాం. దాని గురించి మొదలుపెడితే ఐదో నిమిషానికి మీరంతా టిఫిన్ల దగ్గర ఉంటారు. అందుకని ఉద్యోగం అయ్యాక ఇంట్లో చేసే పని గురించి చెబుతాను. ఆ మూల బల్ల మీద గాజు పెట్టెలో ఉన్నది ఆ పనే. నిన్నటి నుంచి చాలామంది చూశారు. చూసినవాళ్ళు ముందు "అబ్బ" అన్నారు, తర్వాత "బుకింగ్ కిటికీ ఇటు కాదు, అటు ఉండేది" అన్నారు. ఆ రెండో మాట కోసమే పెట్టె ఇక్కడికి మోసుకొచ్చాను.

అది మన ఊరి పాత స్టేషను. మీటరు గేజి నాటిది. నలభై ఏళ్ళు దాటినవాళ్ళకు గుర్తుంటుంది. 1992లో రైల్వేలు యూనిగేజ్ పథకం మొదలుపెట్టాయి. ఆ దశాబ్దంలోనే గుంటూరు–గుంతకల్లు లైను బ్రాడ్‌గేజి అయింది. ఊరికి మంచే జరిగింది. హైదరాబాదు నుంచి రాత్రి ఎక్కి పొద్దున దిగుతున్నాం. కానీ ప్లాట్‌ఫారం ఎత్తు పెరిగింది, పక్కన కొత్త స్టేషను లేచింది, కొన్నాళ్ళకు పాత రాతి కట్టడం తీసేశారు. రాళ్ళు ఎవరెవరి ప్రహరీ గోడల్లో ఉన్నాయో ఈ సభలో కొందరికి తెలుసు, పేర్లు అడగను.

రైలు బొమ్మల సరదాను పెద్దవాళ్ళు సీరియస్‌గా తీసుకుంటే దాన్ని రైల్వే మోడలింగ్ అంటారు. ఇంగ్లండు, జర్మనీ, అమెరికాల్లో దీనికి క్లబ్బులు, పత్రికలు, ఏటా ప్రదర్శనలు ఉన్నాయి. మన దేశంలో చూడాలనుకుంటే పుణెలో జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది, 1998లో తెరిచారు. ఒక పనిమీద పుణె వెళ్ళి, సాయంత్రం ఖాళీగా ఉండి అక్కడికి వెళ్ళాను. నా జేబుకు అప్పటి నుంచి మొదలైంది ఈ బాధ.

ఇందులో మొదట నేర్చుకోవాల్సింది స్కేలు. ఎక్కువమంది వాడే స్కేలు పేరు హెచ్‌ఓ, అంటే 1:87. ఈ ఎనభై ఏడు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని లెక్కల మాస్టారికి తప్ప మిగతావాళ్ళకు అనుమానం వస్తుంది. అసలు వస్తువులో ఒక అడుగు, నమూనాలో మూడున్నర మిల్లీమీటర్లు. అంతే. అడుగంటే 304.8 మిల్లీమీటర్లు కదా, మూడున్నరతో భాగిస్తే ఎనభై ఏడు చిల్లర వస్తుంది. అడుగులూ మిల్లీమీటర్లూ ఒకే ఇంట్లో కాపురం చేసే లెక్క ఇది. ఇంగ్లండు వాళ్ళు ఇంకో అర మిల్లీమీటరు కలిపి, అడుగుకు నాలుగు అంటారు. దాని పేరు ఓఓ. మన స్టేషను హెచ్‌ఓలోనే చేశాను. అరవై అడుగుల కట్టడం ఇరవై ఒక్క సెంటీమీటర్లకు వచ్చింది. ఐదున్నర అడుగుల మనిషి వేలి గోరుకన్నా కాస్త పొడుగు, 19 మిల్లీమీటర్లు.

మన బ్రాడ్‌గేజి ఐదడుగుల ఆరంగుళాలు, అంటే 1,676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19.3. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం మాత్రం 16.5. అది 1,435 మిల్లీమీటర్ల విదేశీ గేజికి తయారైంది మరి. అందుకని బ్రాడ్‌గేజి నమూనా చేసే మనవాళ్ళందరికీ పట్టాలు సన్నగా, పెట్టెలు లావుగా కనిపించే తిప్పలు. మీటరు గేజికి 11.5 రావాలి, దొరికే పట్టాలు 12. అర మిల్లీమీటరు తేడా కంటికి ఆనదు. అసలు లైను పోయింది గానీ, నమూనా లోకంలో దానికే మర్యాద దక్కింది.

సరే, లేని స్టేషను కొలతలు ఎలా వచ్చాయి? ప్లాను దొరకలేదు. మా బ్యాచి వాట్సాప్ గ్రూపులో అడిగితే మూడు రోజులు యుద్ధం జరిగింది. ముందు వసారాకు ఐదు ఆర్చీలని కొందరు, ఆరని కొందరు. టికెట్ల కిటికీ ఎడమ అని ఒకడు, కుడి అని ఒకడు. ఎనిమిదేళ్ళు రోజూ ఆ ప్లాట్‌ఫారం మీదుగా బడికి నడిచొచ్చిన వాళ్ళే అందరూ. అప్పుడు ఒక చెల్లెమ్మ, 1988 బ్యాచి, వాళ్ళ నాన్నగారి ఆల్బం నుంచి ఒక ఫోటో పంపింది. బడి పిల్లల ఎక్స్‌కర్షన్. స్టేషను గోడ ముందు రెండు వరసల పిల్లలు, ఒక పక్క గోడకు ఆనుకుని డ్రాయింగు మాస్టారు. ఆర్చీలు ఐదు. ఆరు అన్నవాళ్ళు ఇవాళ భోజనాల దగ్గర మిగతావాళ్ళకు పాన్ ఇప్పించాలి.

మాస్టారూ, పోయినేడు నేను ఫోన్ చేసి మీ ఎత్తెంత అని అడిగాను, గుర్తుందా? "పెళ్ళి సంబంధమా?" అన్నారు మీరు. ఆ ఫోటోలో నాకు తెలిసిన కొలత మీరొక్కరే. పెద్దది చేసి అచ్చు వేయించిన ఫోటోలో మీరు 41 మిల్లీమీటర్లు. మీ పక్కన తలుపు 51.5. మీ ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు, అంటే 67 అంగుళాలు. ఏడో తరగతి త్రైరాశికం వేస్తే తలుపు 84 అంగుళాలు, ఏడడుగులు. మీరు గోడకు ఆనుకుని నిలబడబట్టి సరిపోయింది. నాలుగడుగులు ముందుకు వచ్చి నిలబడి ఉంటే కెమెరాకు దగ్గరై మీరు పొడుగైపోయేవారు, నా స్టేషను పొట్టిదైపోయేది. తలుపు తెలిశాక ఆర్చీ, ఆర్చీ తెలిశాక వసారా, అలా ఒకదాని భుజం మీద ఒకటి.

ఇక కోత. లేజర్ అంటే సినిమాల్లో చూపించే కత్తి కాదు. నా దగ్గరున్నది 40 వాట్ల కార్బన్ డయాక్సైడ్ లేజర్. చుట్టూ నీళ్ళు తిరిగే గాజు గొట్టం, అందులో నుంచి కంటికి కనపడని 10.6 మైక్రాన్ల కిరణం. అద్దాల మీద తిరిగి, కటకం గుండా వచ్చి ఒక చుక్కగా పడుతుంది. చిన్నప్పుడు భూతద్దంతో ఎండలో కాగితం కాల్చాం కదా, అదే పని. కాకపోతే ఆ చుక్కను కంప్యూటరు గీత వెంట నడిపిస్తుంది. అట్ట, ప్లైవుడ్, ఎండీఎఫ్, యాక్రిలిక్ చక్కగా తెగుతాయి. పీవీసీ మాత్రం పొరపాటున కూడా పెట్టకూడదు. అందులోని క్లోరిన్ ఆమ్లపు పొగగా మారి ముందు మిషన్ను, తర్వాత ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. ఇక్కడ సైన్సు టీచర్లు చాలామంది ఉన్నారు. మీ బడికి ఇలాంటి మిషను వస్తే గోడకు ముందు అంటించాల్సిన కాగితం అదే.

ఈ కత్తికీ మందం ఉంటుంది. రంపం పొట్టు రాల్చినట్టు ఇది గీత వెడల్పున సరుకును ఆవిరి చేస్తుంది. ఎంతో తెలుసుకోవడానికి సులువైన ఉపాయం ఒకటుంది. 10 మిల్లీమీటర్ల చదరాలు పది కోసి, పక్కపక్కన పేర్చి కొలవాలి. వంద రావాలి. 98.5 వచ్చిందంటే ఒక్కో ముక్కకు 0.15 పోయినట్టు. ఆ పోయేది లెక్కలో కలపకుండా గోడకు నాలుక, గాడి గీస్తే వదులుగా ఊగుతాయి. కోసే వరస కూడా ముఖ్యం. ముందు పైపై చెక్కడం, తర్వాత లోపలి కిటికీలు, చివర బయటి అంచు. అంచు ముందు కోస్తే ముక్క కిందికి జారి, కిటికీలు వంకర పోతాయి.

అయితే ఆ మందమే ఒకచోట కలిసొచ్చింది. ఆర్చీల చుట్టూ ఇటుక వరస ఉండేది. ఇటుకల మధ్య సున్నం గీత ఒక సెంటీమీటరు అనుకుంటే, 87తో భాగిస్తే 0.11 మిల్లీమీటరు. అంటే లేజర్ చుక్క సుమారుగా సున్నం గీతంతే ఉంది! కిరణం బలం తగ్గించి ఒక్కసారి నడిపిస్తే అదే పాయింటింగ్. చేత్తో అంత సన్నగా గీయడం నా వల్ల కాదు. మంగళూరు పెంకులకు మాత్రం సన్నటి అట్ట పట్టీలు, కింది అంచు పెంకు వంపున కోసి, ఒక దాని మీద ఒకటి ఎక్కించి అంటించాను. అది లేజర్ పని కాదు, ఫెవికాల్, ఓపిక. మా ఆవిడ పెట్టిన ఓపిక కూడా అందులో కలుపుకోవాలి. ఎండీఎఫ్ కాలిన వాసన వారం రోజులు కర్టెన్లను వదలదు.

నాకు అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టింది గోడలు కాదు, అక్షరాలు.

నా వెనక తెర మీద చూడండి. నిన్న కోసి తెచ్చిన 'స్వర్ణోత్సవం'. నాలుగు అక్షరాలు, ఒక సున్నా. బల్ల మీద ఎన్ని ముక్కలు పడ్డాయో తెలుసా? తొమ్మిది. స ఒంటికి దాని తలకట్టు అంటుకుని ఉండదు, గాల్లో తేలుతుంది. వ వత్తు వేరు, ణ వత్తు వేరు, కింద స వత్తు వేరు. అదే ఇంగ్లీషు పెద్దక్షరాల్లో జూబిలీ అని కోస్తే ఏడు అక్షరాలకు ఏడు ముక్కలే. మన 'పాఠశాల'లో ఠ చూడండి, మధ్యలో చుక్క ఎవరికీ తగలకుండా కూర్చుంది. కోత అవగానే ఎగ్జాస్ట్ ఫ్యాను గాలికి ముందు పోయేది ఆ చుక్కే. మన లిపి కలానికి, కుంచెకు పుట్టింది. చెయ్యి పైకెత్తి మళ్ళీ పెట్టడం దానికి సహజం. కోసే మిషనుకు ఎత్తడం అంటే తెగిపోవడమే.

పెద్ద అక్షరాలకైతే మార్గం ఉంది. అక్షరాలు ఊడొచ్చిన తర్వాత మిగిలిన చిల్లుల షీటును పారెయ్యకూడదు. దాన్ని గోడ మీద పెట్టి, ఒక్కో ముక్కను దాని చిల్లులోనే అతికించి, చివర షీటు తీసేస్తే తలకట్టూ వత్తూ వాటి వాటి దూరాల్లో కుదురుగా ఉంటాయి. ఈ తెర మీద అలాగే చేశాం. పదో తరగతి పిల్లలు ముగ్గురు అరగంటలో అంటించారు.

స్టేషను బోర్డు దగ్గర ఈ మార్గం కుదరదు. పసుపు రంగు మీద నల్ల అక్షరాలు, పైన తెలుగు, తర్వాత హిందీ, ఇంగ్లీషు. అసలు బోర్డు మీద అడుగు ఎత్తున్న అక్షరం నమూనాలో మూడున్నర మిల్లీమీటర్లు. దాని తలకట్టు చీమ తలంత. మన లైనులోని ఊళ్ళ పేర్లతోనే పరీక్షలు చేశాను. కంభంలో రెండు సున్నాలు, రేకు చిల్లుల పద్ధతిలో కోస్తే రెంటి మధ్య భాగాలూ రాలిపోతాయి. గిద్దలూరులో ద వత్తు విడిపోతుంది. నరసరావుపేటలో స తలకట్టు ఎగిరిపోతుంది. గూడ్సు పెట్టెల మీద స్టెన్సిల్ రాతల్లో అక్షరం మధ్య చిన్న చిన్న అడ్డు పట్టీలు వదులుతారు కదా, అలా తెలుగుకు వదిలితే అక్షరం కుట్లు వేసిన గాయంలా ఉంటుంది.

చివరికి పరిష్కారం నేమ్‌ప్లేట్లు చేసే దుకాణంలో దొరికింది. వాళ్ళు రెండు రంగుల పొరలున్న ప్లాస్టిక్ షీటు వాడతారు. పైన పలుచటి పసుపు, కింద నలుపు. లేజర్ బలం తగ్గించి, అక్షరం ఉన్న చోట పసుపు పొర మాత్రమే కాల్చేస్తే కింది నలుపు బయటపడుతుంది. ఏదీ తెగదు, ఏదీ రాలదు. తలకట్టు, వత్తు, ఠలో చుక్క, అన్నీ ఉన్నచోటే ఉంటాయి. కోయడం మానేసి చెక్కడం మొదలుపెట్టగానే తెలుగు లొంగింది.

అయినా మొదటి బోర్డు తయారయ్యాక మా నాన్నగారికి చూపిస్తే ఆయన కాసేపు చూసి, "పేరు మనదే, బోర్డు మనది కాదు" అన్నారు. ఫాంటుతో వచ్చిన ఇబ్బంది అది. కంప్యూటరులో ర రెండుసార్లు కొడితే రెండూ ఒక తల్లి కవలలు. పెయింటరు కుంచెతో రాసిన ర రెండోసారి అదే రాదు. మొదటిది నిండుగా ఉంటుంది, చివర చోటు చాలక కాస్త ఒదిగి ఉంటుంది. మన పాత బోర్డు రాసిన మనిషి ఎవరో గానీ సున్నాను ఉత్త గుండ్రంగా కాక కొంచెం కోడిగుడ్డులా రాసేవాడు. మళ్ళీ ఫోటోల వేట. బోర్డు ముందు దిగిన పెళ్ళివారి ఫోటో ఒకటి దొరికింది. పక్కవాటంగా తీసింది. బోర్డు నాలుగు మూలలూ తెలుసు కాబట్టి కంప్యూటరులో దాన్ని చదునుగా నిలబెట్టి, ఒక్కో అక్షరం అంచు మీద చేత్తో గీత గీశాను. పెళ్ళికొడుకు తలపాగా ఒక అక్షరంలో సగం మింగేసింది. దాన్ని మాత్రం పక్కదాని వాలు చూసి పూర్తిచేశాను. రెండో బోర్డు చూపించినప్పుడు నాన్నగారు ఏమీ అనలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. గాజు పెట్టెలో ఉన్నది ఆ బోర్డే.

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గర లాంగ్ విటెన్‌హామ్ అనే ఊళ్ళో పెండన్ మ్యూజియం ఉంది. కంపెనీ పనిమీద వెళ్ళినప్పుడు ఒక శనివారం చూశాను. రాయ్ ఇంగ్లండ్ అనే ఆయన దానికి మూలపురుషుడు. ఇంటిపేరే ఇంగ్లండ్ గానీ మనిషి ఆస్ట్రేలియా నుంచి 1925లో వచ్చాడు. అక్కడి పల్లెల్లో గడ్డికప్పు ఇళ్ళు మారిపోవడం, పోవడం చూసి, ఒక్కొక్కటీ కొలిచి నమూనాలు చేయడం మొదలుపెట్టాడు. అడుగుకు నాలుగు మిల్లీమీటర్లు. అట్ట, నీటి రంగులు, చాకు. అప్పుడు లేజర్ ఎక్కడిది? 1954లో మ్యూజియం పెట్టాడు. తర్వాత వాలంటీర్లు చేరి పని కొనసాగిస్తున్నారు. ఒక్కో ఇంటికి నెలలు, ఏళ్ళు పట్టాయి. 1930ల నాటి లోయ అంతా అక్కడ పెరటి కూరగాయలతో సహా ఉంది. అక్కడ నిలబడి నేను అనుకున్నది ఒకటే. ఆయనకు ఇళ్ళు కళ్ళముందు ఉండగా కొలిచే అవకాశం దొరికింది. నాకు స్టేషను విషయంలో అది దొరకలేదు. మాస్టారి ఎత్తు మీద, పెళ్ళివారి ఫోటో మీద ఆధారపడ్డాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు, ఐదు నిమిషాలు.

మన పాత పెంకుల బ్లాకును ఈ వేసవిలో తీసేస్తున్నారు. కమిటీ తీర్మానం అయిపోయింది, డబ్బు కూడా కూడింది. అందులో మా బ్యాచిదీ కొంత ఉంది. తీసెయ్యవద్దని నేను అనడం లేదు. దూలాలకు చెదలు పట్టింది, వానకు రెండు గదుల్లో తరగతులు జరగడం లేదు, పిల్లల తల మీద పెంకు పడితే ఎవరం జవాబు చెప్పలేం. నేను అడిగేది కూల్చేముందు కొలవనివ్వమని. నిన్న హెడ్‌మాస్టరు గారిని అడిగితే దాని ప్లాను కూడా లేదన్నారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు పాతికమంది, నాలుగు టేపులు, రెండు రోజులు చాలు. గదుల కొలతలు ఒక జట్టు, తలుపులు కిటికీలు ఒక జట్టు. వెన్నుగర్ర ఎత్తు నీడను బట్టి లెక్కకట్టే పని లెక్కల టీచరు గారికి వదిలేస్తాను. పదో తరగతి త్రికోణమితికి అంతకంటే మంచి ప్రాక్టికల్ దొరకదు.

ఇంకొకటి. ముందు వసారా నుదుటి మీద బడి పేరు సిమెంటులో ఉబ్బెత్తుగా ఉంది. ఇప్పుడు పది పూతల సున్నం కింద ఉంది గానీ అక్షరాలు చెక్కుచెదరలేదు. అవి డ్రాయింగు మాస్టారు స్వయంగా గీసి, మేస్త్రీ పక్కన నిలబడి పోయించినవి. మాకందరికీ ఆయనే బోర్డు మీద అక్షరాలు దిద్దించారు కాబట్టి ఆ చెయ్యి చూడగానే గుర్తుపడతాం. ఆ ళ ఎవరికీ రాదు. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దేవాళ్ళం కదా, అదే పని ఆ అక్షరాల మీద చేస్తే నిజ పరిమాణంలో అచ్చు వస్తుంది. దాన్ని స్కాన్ చేసి అంచు గీస్తే, ఆ గీతకు స్కేలుతో పనిలేదు. 87తో భాగిస్తే నమూనా మీదికి వెళ్తుంది. భాగించకుండా జీడిమెట్లలో ఫైబర్ లేజర్ ఉన్న ఏ షాపుకు ఇచ్చినా స్టెయిన్‌లెస్ స్టీలులో అదే అక్షరం కోసిస్తారు. వత్తులు, తలకట్లు ఎలా నిలబెట్టాలో ఇందాక చెప్పాను.

కొత్త భవనం డ్రాయింగులో గేటు మీద పేరు కంప్యూటరు ఫాంటులో ఉంది. ఆర్డరు ఇంకా ఇవ్వలేదని తెలిసింది. ఆ పేరు మాస్టారి చేతిరాతలో ఉండాలని నా మనవి. స్టీలు, కోత, బిగింపు ఖర్చు 1986 బ్యాచి పెట్టుకుంటుంది. వెనక బెంచీల వాళ్ళు తల ఊపుతున్నారు, ఊపనివాళ్ళ పేర్లు రాసుకుంటున్నాను. కమిటీ వారు ఇవాళ సాయంత్రం సమావేశంలో దీన్ని చేపట్టాలని కోరుతున్నాను. మాస్టారూ, మీ అనుమతి కూడా కావాలి.

ఫోటోలున్నవాళ్ళు, పాత బ్లాకు వెనక వైపు, గిలకబావి వైపు ఏవైనా ఉంటే, రిజిస్ట్రేషన్ కౌంటరులో ఇవ్వండి. స్కాన్ చేసి వెంటనే తిరిగి ఇచ్చేస్తాం. నేను మంగళవారం దాకా ఊళ్ళోనే ఉంటాను. రేపు పొద్దున ఎనిమిదింటికి వసారా ముందు ఉంటాను. న్యూస్‌ప్రింటు రోలు, పెన్సిళ్ళు, టేపులు తెచ్చుకున్నాను. పన్నెండడుగుల నిచ్చెన ఒకటి కావాలి. ఎవరింట్లో ఉందో చెబితే ఈ రాత్రికే ఆటోలో తెప్పించుకుంటాను.